మొంబాసా గట్టు మీద నాతో నడిచిన మనిషి

మా పేటలో ఎవరికైనా దయ్యం పట్టిందని చెబితే, పొద్దున వాళ్ళు ఏమైనా తిన్నారా అని ముందు అడిగేదాన్ని. మా అమ్మ మంత్రసాని. పావడా కట్టే వయసు నుంచే ఆమె వెంట పురుటిళ్ళకు తిరిగాను. పుట్టుకనూ చావునూ ఒకే గదిలో, ఒకే దీపం వెలుతురులో చూశాను. పోయినవాళ్ళు ఎవరూ మళ్ళీ లేచి రాలేదు. గాలి సోకిందనీ, చూపు తగిలిందనీ మా అమ్మను పిలుచుకుపోయిన ప్రతి చోటా, చివరికి తేలింది జ్వరమో, ఆకలో, అత్తగారి మీద భయమో.

ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను చెప్పడం లేదు. నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను. దానికి ఏ పేరు పెట్టాలో మీరే చూసుకోండి.

మాది అరవ దేశంలో వేలూరు దగ్గర గుడియాత్తం. మావాళ్ళంతా తాపీ పనివాళ్ళు. నా భర్త మునిసామి మా అమ్మకు సొంత తమ్ముడు. అందుకే పెళ్ళయిన తర్వాత కూడా నేను ఆయన్ను మామా అనే పిలిచేదాన్ని. ఆయన చెయ్యి మంచిదని వేలూరు దాకా పేరు. అక్కడ ఒక కంట్రాక్టరు దగ్గర పని చేస్తుండగా, ఆ కంట్రాక్టరుకు ఆఫ్రికాలో మొంబాసా అనే రేవు పట్టణంలో పని దొరికింది. తనతో కొందరు మేస్త్రీలను తీసుకుపోయాడు. మా వైపు నుంచి చెరకు తోటలకని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, మొంబాసాకు పోయినవాళ్ళు తక్కువ. ఇదంతా జర్మనీ వాళ్ళతో మొదటి యుద్ధం రాకముందు మాట.

ఓడలో నేను పడ్డ బాధ చెప్పను. మొంబాసాలో దిగిన తర్వాత మాత్రం ఆ ఊరు నాకు నచ్చింది. ఎండ మా ఎండలాగే ఉంటుంది. మామిడి చెట్లున్నాయి, కొబ్బరి చెట్లున్నాయి. ఏనుగు కాళ్ళలాంటి మొదళ్ళతో, ఆకులు రాలిపోయి, తలకిందులుగా నాటినట్టుండే పెద్ద చెట్లు మాత్రం మొదట్లో నాకు వింతగా ఉండేవి. ఊళ్ళో సన్నటి ఇనుప పట్టాల మీద చిన్న బండ్లు నడిచేవి. గుర్రం లేదు, ఎద్దు లేదు. ఆ ఊరి మనుషులే వాటిని వెనక నుంచి తోసేవాళ్ళు.

పాత కోట దగ్గర నుంచి దీపస్తంభం వైపు సముద్రం పక్కనే ఒక గట్టు ఉండేది. సాయంత్రమైతే ఊరంతా అక్కడికే గాలికి వచ్చేది. టోపీలు పెట్టుకున్న దొరలు, గోవా గుమాస్తాలు, తెల్లటి పొడుగు అంగీల అరబ్బులు, నల్ల ముసుగుల ఆడవాళ్ళు, పిల్లలు. ఆ గట్టును ఇంకా ముందుకు పొడిగించి, సముద్రం వైపు రాతి గోడ కట్టి, నీళ్ళలోకి మెట్లు దించే పని మావాళ్ళది. అక్కడ రాయి కూడా సముద్రం నుంచి వచ్చినదే. గుల్లలు గుల్లలుగా ఉంటుంది. మా ఊరి నల్లరాయి కొట్టిన చేతులకు అదొక రాయి అనిపించదని మామ నవ్వేవాడు.

మా మొదటి బిడ్డ మంగ అక్కడే పుట్టింది. మా పక్క గదిలో ఒడుగత్తూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రి కుటుంబం ఉండేది. ఆయన భార్య రాజమ్మక్క నాకు తల్లిలాంటిది. ఆమె మాటలో సగం తెలుగు, సగం అరవం.

ఆ రోజుల్లో ఒక గోవా గుమాస్తా ఇంట్లో బాలెంతరాలికీ పసిగుడ్డుకూ స్నానం చేయించే పని నాకు దొరికింది. మధ్యాహ్నం మంగకు పాలిచ్చి, రాజమ్మక్కకు అప్పగించి పోయేదాన్ని. పని ముగించుకొని నేరుగా గట్టు మీదికి పోతే, అప్పటికి మామ పని దిగేవాడు. ఇద్దరం దీపస్తంభం దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేవాళ్ళం. నడవడమంటే ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక. ఆయన అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "బిడ్డ పాలు తాగినాదా?"

జరిగిన రోజు గోవా వాళ్ళ పసిబిడ్డకు వెక్కిళ్ళు ఆగక నాకు ఆలస్యమైంది. ఆ ఊళ్ళో సంజ ఎక్కువసేపు నిలవదు. పొద్దు ఊరి వెనక్కి జారగానే సముద్రం వైపు ముందుగా నల్లబడుతుంది. నేను వేగంగా నడిచి గట్టు ఎక్కాను. ఇంకా వెలుతురుంది. జనం ఇళ్ళకు మళ్ళుతున్నారు.

మామ గోడ పని చేసే చోట లేడు. ఇంకొంచెం ముందు, ఆ లావుపాటి చెట్లలో ఒకదాని పక్కన, గోడకు ఆనుకొని సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. మా ఊరి మగ్గం మీద నేసిన నీలం గళ్ళ లుంగీ కట్టుకొని ఉన్నాడు. ఆ ఊళ్ళో అలాంటి లుంగీ ఇంకెవరికీ లేదు. ఆయనకు కూడా అదొక్కటే.

"మామా" అని పిలిచాను. తిరిగి చూశాడు. వేరే మనిషిని చూసి పొరబడ్డావేమో అని తర్వాత చాలామంది నన్ను అడిగారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ముఖం అది. పొరబడడం జరగదు.

ఆయన నవ్వి నా పక్కన నడవడం మొదలుపెట్టాడు. ముందు కాదు, పక్కన. నాకు సిగ్గు వేసింది. ఎవరైనా చూస్తారేమో అనుకున్నాను. సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు.

"పని అయిపోయిందా మామా?" అన్నాను.

"అయింది. నువ్వే అలిసిపోయినావు చెంగమ్మా. నీ కాళ్ళు చూడు, ఎట్ల వాచినాయో."

నా కాళ్ళ వంక ఆయన చూడడం అదే మొదటిసారి. పేరు పెట్టి పిలవడం కూడా అరుదే. ఎప్పుడూ "ఏమ్మీ" అనేవాడు. గొంతు మాత్రం ఆయనదే.

ఎదురుగా నేను పని చేసే ఇంటి గోవా గుమాస్తా వస్తూ మమ్మల్ని చూసి టోపీ ఎత్తాడు. నేను తల వంచాను. మామ పలకలేదు, చూడలేదు. ఆయనకు ఆ మాత్రం మర్యాద తెలియకపోవడమేమిటని అనుకుంటూనే ముందుకు నడిచాను.

దీపస్తంభం వచ్చింది. మేము ఎప్పుడూ తిరిగే చోటు. ఆయన ఆగలేదు. ఇంకొంచెం గాలికి పోదామన్నట్టు సాగిపోయాడు. నేనూ సాగాను. అప్పుడు గమనించాను, ఆయన దగ్గర సున్నం వాసన రావడం లేదు. పని నుంచి వచ్చిన మనిషి దగ్గర ఆ వాసన స్నానం చేసినా పోదు. సముద్రంలో మునిగి వచ్చాడేమో అనుకున్నాను. మనసు అలాగే చేస్తుంది. కళ్ళముందున్న దానికి ఏదో ఒక కారణం వెతికి ఇస్తుంది.

అక్కడి నుంచి మనుషులు లేరు. అలలు రాతికి కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన మెత్తగా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఓడలో పడ్డ కష్టం, తెలియని ఊళ్ళో పురుడు పోసుకోవడం, నా వాళ్ళెవరూ దగ్గర లేకపోవడం, అన్నీ ఆయనకు తెలుసన్నట్టు మాట్లాడాడు. మా ఆయన నోట అలాంటి మాటలు నేనెన్నడూ వినలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అలా గట్టు చివర మావాళ్ళు కడుతున్న మెట్ల దగ్గరికి వచ్చాం. పని ఇంకా పూర్తి కాలేదు. పోటు సమయం, కింది మెట్లన్నీ నీళ్ళలో ఉన్నాయి. చివరి మెట్టు తర్వాత లోతు ఎక్కువని మామే ఒకసారి చెప్పి ఉన్నాడు.

ఆయన ముందు దిగాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చెయ్యి చాపాడు.

"దిగు. నీళ్ళు చల్లగా ఉండాయి. కాళ్ళు పెట్టుకుంటే నొప్పి పోతాది."

నేను దిగాను. ఒక మెట్టు, ఇంకో మెట్టు. రాయి మీద పాచి జారుతోంది. అల వచ్చి నా చీర కుచ్చెళ్ళు తడిపింది. నిజంగానే చల్లగా, హాయిగా ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే ఆయన చెయ్యి అందేది.

అప్పుడు నాకు పాలు చేపుకొచ్చాయి. రవికె తడిసింది. పాలిచ్చే తల్లులకు తెలుసు, అది మన చేతిలో లేని పని. బిడ్డ ఆకలితో ఉందని ఒళ్ళే చెబుతుంది.

"ఇంగ పోదాం మామా. బిడ్డ ఏడస్తా ఉంటాది" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ముఖంలో అదే ప్రేమ.

"ఏ బిడ్డ?" అన్నాడు.

ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. కానీ మంగ విషయంలో ఆయన ఆటకు కూడా అలా అనడు. "నీ కూతురు మామా. మంగ" అన్నాను.

"ఏ బిడ్డ చెంగమ్మా?"

నిజంగా తెలియక, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. కళ్ళు ఎర్రబడి ఉంటే, గొంతు మారి ఉంటే, జ్వరమొచ్చిందేమో అని దగ్గరికి పోయేదాన్నేమో. ఏమీ మారలేదు. చెయ్యి అలాగే చాపి ఉంది.

వెనక్కి తిరిగి మెట్లెక్కాను. కాలు జారి పడ్డాను. మోకాలి చిప్ప ఆ రాయికి గీరుకుపోయింది, ఆ మచ్చ ఈ రోజుకీ ఉంది. లేచి పరుగెత్తాను. వెనక నుంచి పిలుపు రాలేదు, అడుగుల చప్పుడు రాలేదు.

పరుగెత్తుతున్నప్పుడు నన్ను పీకింది భయం ఒక్కటే కాదు. కట్టుకున్న మనిషికి ఏదో అయింది, మతి తప్పింది, అలాంటి మనిషిని లోతు నీళ్ళ పక్కన వదిలేసి పోతున్నాననే బాధ. దీపస్తంభం దగ్గర ఆగాను. పైన దీపం అప్పుడే వెలిగించారు. వెనక్కి చూశాను. మెట్ల పైన ఎవరూ లేరు. మళ్ళీ పోయి చూద్దామని ఒక అడుగు వేశాను కూడా. పాలతో తడిసిన రవికె నన్ను ఇంటివైపే లాగింది. ముందు బిడ్డను చూసుకొని, రాజమ్మక్క భర్తను వెంటబెట్టుకొని రావాలని పరుగు తీశాను.

రాజమ్మక్క వాకిట్లో మంగను చంకనేసుకొని నిలబడి ఉంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. నన్ను చూడగానే అక్క కేకలేసింది.

"అయ్యో, యాడికి పోయినావమ్మా ఇంతసేపు? మీ ఆయన మధ్యానమే జొరంతో వచ్చి పడినాడు. బిడ్డను సూడనా, ఆయన్ను సూడనా? ఇంగ నాకు ముడియలే, నా వల్ల కాలే తల్లీ!"

లోపలికి పోయాను. మామ మంచం మీద ఉన్నాడు. మీద రెండు దుప్పట్లు. పళ్ళు టకటకలాడుతున్నాయి. చెయ్యి వేస్తే పెనంలా కాలింది. నీలం గళ్ళ లుంగీ తాడు మీద ఆరేసి ఉంది. మధ్యాహ్నం ఆయన వాంతి చేసుకుంటే అక్కే ఉతికి వేసిందట. ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

నేను ఆ లుంగీని చేత్తో పట్టి చూసి, మళ్ళీ మామ ముఖం తడిమాను. జ్వరానికి భయపడ్డానని రాజమ్మక్క అనుకుంది. పని దగ్గర చలి పుట్టి కింద పడిపోతే తన భర్త భుజం పట్టి తీసుకొచ్చాడనీ, గోవా వాళ్ళ ఇల్లు ఎవరికీ తెలియక నాకు కబురు పంపలేకపోయారనీ చెప్పింది. ఆ తర్వాత ఆమె అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. అప్పటికి నేను ఇంకా నోరు విప్పలేదు.

"పొద్దు వాలినప్పటి నుంచి ఒకటే కలవరింత. 'నేను దిగను, నేను దిగను' అంటాడు. 'బిడ్డ యాడ' అంటాడు. పక్కనే ఉండాది సూడప్పా అంటే నన్ను సూడనే సూడడు. లేచి వాకిలి దాకా వచ్చేసినాడు. పిడిచి, చెయ్యి పట్టి లాక్కొచ్చి పండబెట్టినా."

బిడ్డను తీసుకొని పాలిచ్చాను.

ఆ చలిజ్వరం తగ్గడానికి చాలా రోజులు పట్టింది. బతుకుతాడో లేదో అన్నంత పని అయింది. కొంచెం తేరుకున్నాక, ఒక పొద్దున గంజి తాగుతూ ఆయనే కదిలించాడు.

"ఆ పొద్దు నన్ను యాడికి పిల్చుకపోయినావు?"

"నేనా? ఎప్పుడు?"

"జొరం వచ్చిన పొద్దు. వచ్చి మంచం పక్కన నిలబడినావు కదా. గాలికి పోదాం రా మామా అన్నావు. గట్టు మీద నా పక్కనే నడిస్తివి. మెట్లు దిగితివి. నీళ్ళు చల్లగా ఉండాయి, దిగితే జొరం పోతాది అంటివి. బిడ్డ యాడ అని అడిగితే..."

నేను గిన్నె కింద పెట్టేశాను.

"అడిగితే?"

"'ఏ బిడ్డ?' అంటివి."

ఆ మాట నేను అప్పటిదాకా ఏ మనిషికీ చెప్పలేదు. రాజమ్మక్కకు చెప్పలేదు, దేవుడి ముందు కూడా పైకి అనలేదు. అది ఆయన నోట్లోంచి వచ్చింది. అప్పుడు నా కథంతా ఆయనకు చెప్పాను. చాలాసేపు ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

గోవా గుమాస్తా ఇంటికి మళ్ళీ పనికి పోయినప్పుడు అతను తన భార్య ముందే మామ మాట ఎత్తాడు. వచ్చీరాని హిందూస్తానీలో, మీ ఆయనకు నామీద కోపమా, ఆ సాయంత్రం గట్టు మీద పలకరిస్తే చూడనైనా చూడలేదు అని అడిగాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. అంటే నా పక్కన నడిచిన మనిషిని చూసింది నేనొక్కదాన్నే కాదు.

ఆ మెట్ల దగ్గర ఎవరైనా మునిగి చనిపోయారేమోనని మామ విచారించాడు. ఎవరూ లేరు. ఉండడానికి అవి నిన్నమొన్న కట్టిన మెట్లు. వాటికి పాత కథేమీ లేదు.

మిగిలిన మెట్లు కట్టే పని ఆయన మీదే పడింది. వద్దని కాళ్ళు పట్టుకున్నాను. పని మానితే ఊరికి పంపేస్తారని పోయాడు. నడుముకు తాడు కట్టుకొని, ఆ కొస రాజమ్మక్క భర్త చేతికిచ్చి పని చేసేవాడు. నేను గట్టు మీదికి పోవడం మానేశాను. సాయంత్రమైతే తలుపు గడియ పెట్టుకొని, బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చునేదాన్ని. తలుపు తడితే ఎవరని అడిగేదాన్ని కాదు.

"బిడ్డ పేరేంది?" అని అడిగేదాన్ని.

"మంగ" అని బయట నుంచి చెబితేనే గడియ తీసేదాన్ని. ఒకసారి ఆయన వెంటనే పలకలేదు. దగ్గు వచ్చి ఆగాడట, అంతే. ఆ కాస్త సేపటిలో నేను బిడ్డను పట్టుకొని గది మూలకు పోయి నిలబడ్డాను. ఆయన కూడా ఊరుకోలేదు. లోపలికి రాగానే నా ముఖం పట్టి దీపం వైపు తిప్పి, "నువ్వు చెప్పు" అనేవాడు. నేను కూడా బిడ్డ పేరు చెప్పాలి. బయటివాళ్ళు చూస్తే నవ్వేవాళ్ళు. మాకు నవ్వు రాలేదు.

పని ముగిశాక గుడియాత్తం తిరిగి వచ్చేశాం. ఇక్కడికి వచ్చాక ఒకరిద్దరికి చెప్పాం. జ్వరంలో కలవరించాడని ఒకరన్నారు. సరే, ఆయనకు జ్వరం. నాకు లేదు కదా. బాలెంత మనసు బలహీనంగా ఉంటుందని ఇంకొకరన్నారు. సరే, గుమాస్తా బాలెంత కాదు కదా. ఏదో సముద్రపు దేవత అని ఒక పూజారి చెప్పాడు. దేనికైనా ఒక పేరు పెడితే తెలిసిపోయినట్టు కాదని నేను లేచి వచ్చేశాను.

మంగ పెరిగింది, పెళ్ళయింది. మాకు వయసొచ్చింది. ఒక సాయంత్రం ఇద్దరం మా ఊరి ఏటి ఇసుకలో కూర్చున్నాం. ఏట్లో నీళ్ళు లేవు. ఆయన ఉన్నట్టుండి ఆ మాట ఎత్తాడు.

"ఆ పొద్దు నాతో వచ్చినాది నువ్వు కాదని నాకు అప్పుడే అనుమానం తగిలింది, తెలుసునా?"

"ఎట్ల?"

"నువ్వెప్పుడూ నాతో అంత మెత్తగా మాట్లాడింది లేదు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నువ్వూ అంతే కదా మామా అనబోయి ఆగిపోయాను. ఆయన పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది. ఆ మాట చెప్పకుండానే ఉండిపోయాను.

ఆ సాయంత్రం నాతో నడిచింది ఎవరో నాకు తెలియదు. ఆయన మంచం పక్కన నా రూపంలో నిలబడింది ఎవరో కూడా తెలియదు. ఆలోచించి ఆలోచించి వదిలేశాను. ఒకటి మాత్రం తెలుసు. నేను ఆ మెట్లు దిగింది భయంతో కాదు. ఎవరూ నన్ను లాగలేదు. అంత ప్రేమగా పిలిస్తే ఇష్టంగా దిగాను. పాలు చేపుకు రాకుండా ఉంటే, ఆ చెయ్యి పట్టుకొని ఉండేదాన్ని.